యుద్ధానికి వెళ్లిన పాదిరి తాత: పూర్వీకుల జాడ వెతికే మన యువతకు

కిందటి వేసవిలో మా సంఘం చరిత్ర బృందం భద్రాచలం ఏజెన్సీ గూడేల్లో పెద్దల జ్ఞాపకాలు రికార్డు చేస్తూ తిరుగుతున్నప్పుడు ఒక డిగ్రీ విద్యార్థి మా దగ్గరకు వచ్చాడు. వాళ్ల నాయనమ్మ చెప్పే ఒక మాట అతన్ని చిన్నప్పటి నుంచీ వదల్లేదట. ఆమె తాతకు తమ్ముడు ఒకాయన ఇంగ్లీషువాళ్ల పెద్ద యుద్ధానికి వెళ్లాడట. తుపాకీ పట్టలేదట. అక్కడ ఉన్న మనవాళ్లకు ప్రార్థనలు చదివి వినిపించేవాడట. చనిపోయినవాళ్లను పూడ్చేటప్పుడు నాలుగు మాటలు చెప్పేవాడట. అన్నీ 'అట'లే. ఫొటో లేదు, పతకం లేదు, కాగితం ముక్క లేదు. "ఎక్కడ వెతకాలి అన్నా?" అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మన దగ్గర చరిత్ర అంటే రంప, గుడెం, జోడేఘాట్ అని పోరాటాల పేర్లు వస్తాయి. అల్లూరి, కొమురం భీం పేర్లు వస్తాయి. అవి రావలసినవే. కానీ తెల్లవాడి తరఫున యుద్ధానికి వెళ్లిన ఆదివాసీ తాతను ఏ వరుసలో కూర్చోబెట్టాలి? అందులోనూ పాదిరిగా వెళ్లినవాణ్ని? ఈ ప్రశ్న మమ్మల్ని కొంత ఇబ్బంది పెట్టిందని ఒప్పుకోవాలి. అందుకే ముందు, ఇలాంటి తాతలను ఇతర దేశాల ఆదివాసీలు ఎలా వెతుక్కున్నారో చూద్దామనుకున్నాం. అలా చూస్తుండగా న్యూజిలాండ్ మావోరీల దగ్గర ఆగిపోయాం. ఆగస్టు 9న మనం ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటాం కదా. 1915లో సరిగ్గా ఆ వారంలోనే వాళ్ల పాదిరి ఒకాయన టర్కీ కొండల్లో తన వాళ్ల శవాల మధ్య తిరుగుతున్నాడు. ఆయన పేరు హేనారే వేపిహా తే వైనోహు.

ముందు ఈ ఉద్యోగం ఏమిటో చెప్పాలి. సైన్యంతో పాటు వెళ్లే మతగురువును ఇంగ్లీషులో చాప్లెయిన్ అంటారు. మన భారత సైన్యంలో ఇప్పటికీ పండిట్, మౌల్వీ, గ్రంథి, పాదిరి ఉంటారు. వాళ్లందరినీ కలిపి ధర్మగురువులు అంటారు. బ్రిటిష్ సామ్రాజ్యపు సైన్యంలో చాప్లెయిన్‌కు అధికారి హోదా ఉండేది, చేతిలో ఆయుధం ఉండేది కాదు. ఆదివారం ప్రార్థన ఒక్కటే ఆయన పని అనుకుంటే పొరపాటు. గాయపడ్డవాళ్ల పక్కన కూర్చోవడం, చదువు రానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టడం, చనిపోయినవాణ్ని పాతిపెట్టి ఆ చోటు గుర్తు పెట్టుకోవడం, వాడి తల్లికి కబురు రాయడం, ఇవన్నీ ఆయన మీదే పడేవి. అందువల్ల వెతికేవాళ్లకు ఒక మేలు ఉంది. మామూలు సిపాయి తన గురించి ఏమీ రాసుకోకుండా పోవచ్చు. పాదిరి మాత్రం రాసేవాడు, అతని గురించి ఇతరులూ రాసేవారు.

తే వైనోహు 1882లో పుట్టాడు. ఊరు మోహాకా, న్యూజిలాండ్ ఉత్తర దీవి తూర్పు తీరంలో హాక్స్ బే ప్రాంతం. ఆయనది న్గాతీ కహుంగును తెగ. తే ఔతే అనే మావోరీ బడిలో చదివాడు, తర్వాత గిస్బోర్న్‌లోని తే రౌ వేదాంత కళాశాలలో చేరి ఆంగ్లికన్ చర్చి గురువయ్యాడు. మావోరీ కుర్రాళ్లను మావోరీ భాషలోనే గురువులుగా తయారుచేసిన చోటు అది.

ఇక్కడివరకు ఏ జీవిత చరిత్రలోనైనా దొరుకుతుంది. కానీ ఒక మనిషిని అర్థం చేసుకోవాలంటే వాడి ఊరి నేల సంగతి కూడా చూడాలని మన పెద్దలు అంటారు. మోహాకా నేలను 1851లో ప్రభుత్వం 800 పౌండ్లకు కొనేసింది. కొన్నది ఎనభై అయిదు వేల ఎకరాలకు పైమాటే. మైదాన ప్రాంతపు సాహుకార్లు ఉప్పుకూ బట్టకూ మన పోడు భూములు రాయించుకున్న కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తర్వాత 1869లో తే కూతీ అనే మావోరీ నాయకుడు, ప్రభుత్వం మీద తిరగబడిన ప్రవక్త, ఇదే మోహాకా మీద దాడి చేశాడు. యాభైమందికి పైగా మావోరీలు చనిపోయారు. చంపినవాళ్లూ మావోరీలే, చనిపోయినవాళ్లలో ఎక్కువమందీ మావోరీలే. ఆ దాడి జరిగిన 13 ఏళ్లకు తే వైనోహు పుట్టాడు. ఆ పిల్లవాడు ఏ కథలు వింటూ పెరిగి ఉంటాడో ఊహించండి. తిరగబడిన మావోరీలు ఒక వైపు, ప్రభుత్వంతో నిలబడిన మావోరీలు ఒక వైపు. పెద్దయ్యాక ఆయన సామ్రాజ్యపు సైన్యంలో చేరడం వెనక ఈ గతం ఉంది. సైన్యం ఫైలులో మాత్రం ఇది ఒక్క వాక్యం కూడా ఉండదు.

ఫైలు అన్నాం కదా, దాని సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన న్యూజిలాండ్ సైనికుల ఫైళ్లను ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్ స్కాన్ చేసి ఇంటర్‌నెట్‌లో పెట్టింది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చేరిన రోజు, ఎత్తు, బరువు, దగ్గరి బంధువు పేరు, ఎక్కిన ఓడ, గాయపడితే చేరిన ఆసుపత్రి, వచ్చిన పతకాలు, అన్నీ ఒక గుమస్తా చేతిరాతలో వరుసగా కనిపిస్తాయి. ఆక్లండ్ మ్యూజియం వాళ్లు ఒక్కో సైనికుడికీ ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరిచారు. కుటుంబాల వాళ్లు అందులో తమ ఇంటి ఫొటోలు, ఉత్తరాలు చేర్చవచ్చు. పాత పత్రికలు చాలా 'పేపర్స్ పాస్ట్' అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వాటిలో మావోరీ భాషా పత్రికలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో చర్చి నడిపిన 'తే కోపారా' అనే మావోరీ పత్రిక గిస్బోర్న్‌లోనే అచ్చయ్యేది.

ఇంత సౌకర్యం ఉన్నా చిక్కు పేరు దగ్గర మొదలవుతుంది. ఆయన పూర్తి పేరు హేనారే వేపిహా తే వైనోహు. సైన్యం కాగితాల్లో 'వైనోహు' అని మాత్రమే ఉంటుంది. తోటివాళ్లు రాసినచోట 'వేపిహా'. 'హేనారే' అంటే ఇంగ్లీషు హెన్రీ, మావోరీ నోట అలా మారింది. 'తే' అనేది మావోరీలో పేరుకు ముందు వచ్చే చిన్న మాట. ఇంగ్లీషు గుమస్తాకు అది అక్కర్లేనిదిగా తోచింది, తీసేశాడు. అక్షర క్రమంలో పెట్టిన జాబితాలో ఆ 'తే' ఉంటే మనిషి ఒక చోట ఉంటాడు, లేకపోతే ఇంకెక్కడో ఉంటాడు. ఒక పేరుతో వెతికి, దొరకలేదని వదిలేసినవాడు తాతను పోగొట్టుకున్నట్టే.

మనకు ఇది ఇంకా పెద్ద చిక్కు. సోదె, సోడి, సోయం, కుంజా, మడివి, కుర్సం వంటి ఇంటిపేర్లు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మన ఆధార్ కార్డులు చూస్తేనే తెలుస్తుంది. ఒకే ఇంట్లో అన్నకు ఒక స్పెల్లింగు, తమ్ముడికి ఒక స్పెల్లింగు. నూరేళ్ల కిందట మద్రాసు నుంచి వచ్చిన గుమస్తా గూడెం పేరు చెవికి వినపడినట్టు రాసుకుని పోయి ఉంటే, ఇవాళ ఆ ఊరు ఏదో తేల్చడానికే ఒక రోజు పడుతుంది.

సరే, యుద్ధం దగ్గరికి వద్దాం. 1914లో మావోరీల జనాభా సుమారు 50 వేలు. మొదట్లో లండన్‌కు మావోరీలను యూరప్ యుద్ధంలోకి దించడం ఇష్టం లేదు. తెల్లవాడి మీద నల్లవాడు తుపాకీ ఎత్తడం అలవాటైతే రేపు మన మీదే ఎత్తుతాడని భయం. ఆపిరానా న్గాతా, మౌయి పోమారే లాంటి మావోరీ ఎంపీలు పట్టుబట్టాక ఒక దళానికి ఒప్పుకున్నారు. అది కూడా పోరాడటానికి కాదు, కోటల కాపలాకు. సుమారు 500 మంది 1915 ఫిబ్రవరి 14న వెల్లింగ్టన్ రేవులో వారిమూ అనే ఓడ ఎక్కారు. వాళ్ల పాదిరి తే వైనోహు, వైద్యుల్లో ఒకరు పీటర్ బక్. ఈ బక్ గారి మావోరీ పేరు తే రంగి హీరోవా, తర్వాత రోజుల్లో ప్రపంచమంతా పేరున్న మానవ శాస్త్రవేత్త అయ్యాడు.

ఈజిప్టు తీసుకెళ్లారు, అక్కడి నుంచి మాల్టా దీవిలో కాపలాకు పంపారు. గల్లిపోలిలో తెల్ల సైనికులు వేలల్లో పడిపోయాక గానీ వీళ్లు గుర్తుకు రాలేదు. జూలై 3న గల్లిపోలి తీరంలో దిగారు. దిగగానే చేతికి వచ్చినవి ఎక్కువగా పారలూ గునపాలే. కందకాలు తవ్వారు, నీళ్ల తొట్లను కొండ మీదికి లాగారు.

ఆగస్టు 6 రాత్రి చునుక్ బైర్ అనే శిఖరం మీద పెద్ద దాడి మొదలైంది. మావోరీలను ముక్కలు చేసి వేర్వేరు దళాల్లో కలిపారు. తుపాకుల్లో గుండ్లు వేయకూడదని ఆజ్ఞ, చీకట్లో చప్పుడు లేకుండా బాయ్‌నెట్లతోనే పోవాలి. బయలుదేరే ముందు పాదిరి వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆ మాటలు మావోరీల చరిత్రలో నిలిచిపోయాయి. 1926లో జేమ్స్ కోవన్ రాసిన మావోరీ దళం చరిత్రలో వాటి సారాంశం ఉంది. సారం ఇది: మీరు కొద్దిమంది, మీ జాతి పేరు ఈ రాత్రి మీ చేతుల్లో ఉంది, మీ తాతల పేరు చెడగొట్టకండి, వెనక్కి తిరగకండి. ఆ రాత్రి కొండల్లో కందకాలు చేజిక్కినప్పుడు మావోరీల హాకా కేక వినిపించిందని అక్కడున్న తెల్ల సైనికులు కూడా చెప్పుకున్నారు.

ఆ కొండ బ్రిటిష్ వారికి నిలవలేదు. వెల్లింగ్టన్ దళం 8న శిఖరం చేరింది. 9వ తేదీన పక్క శిఖరానికి మన దేశపు గూర్ఖా పటాలం ఒకటి ఎక్కి కాసేపు నిలబడింది. 10వ తేదీకి టర్కులు మళ్లీ అంతా ఊడ్చేశారు. జూలైలో దిగిన మావోరీలు అధికారులతో కలిపి 477 మంది. డిసెంబరులో తీరం వదిలేటప్పుడు మిగిలినవాళ్లు 134 మంది. మిగతావాళ్లు చనిపోయారు, గాయపడ్డారు, జబ్బులపాలయ్యారు. గల్లిపోలిలో పాదిరి కూడా గాయపడ్డాడు.

ఇక్కడ వెతికేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలని మేము అనుకుంటాం. ఆ ప్రసంగం మావోరీ భాషలో మాట్లాడింది, మనకు అందింది ఇంగ్లీషు పుస్తకంలో. వీరగాథ రాయాలనుకున్న రచయిత చేతి మీదుగా అందింది. తాత మాట్లాడినదంతా ఆ అచ్చులో ఉందనుకోకూడదు. మన దగ్గర కూడా ఇదే. డోలీ వాళ్లు పడిగె విప్పి కోయ భాషలో పాడే కథకూ, అదే కథను తెలుగు పుస్తకంలో చదివినదానికీ ఎంత తేడా ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు. ప్రధాన్లు కింగ్రి మీద గోండుల సగా కథలు చెప్పేటప్పుడు ఏ పేరు దగ్గర గొంతు తగ్గిస్తారో అచ్చులో రాదు. మావోరీలకూ అలాంటి వంశావళి కళ ఉంది, దాన్ని ఫకపాపా అంటారు. పుట్టుక నుంచి పడవ దాకా, పడవ నుంచి దేవుడి దాకా పేర్లు వరుసగా చదువుతారు. వాళ్ల పెద్ద సభా గృహాల గోడలకు చనిపోయినవాళ్ల ఫొటోలు వరుసగా వేలాడదీసి ఉంటాయి. ఎవరైనా పోతే ఆ ఫొటోల ముందే ఏడుస్తారు, మాట్లాడతారు. మాకు తెలిసినంతలో మావోరీ పరిశోధకుల గొప్పతనం ఇక్కడే ఉంది. వాళ్లు ఆర్కైవ్స్‌లోని ఫైలును ఆ గోడ దగ్గరికి తీసుకొచ్చారు. న్గాతీ పోరౌ తెగకు చెందిన మోంటీ సౌటార్ అనే చరిత్రకారుడు రెండో ప్రపంచ యుద్ధంలోని మావోరీ బెటాలియన్ సి కంపెనీ చరిత్రను 2008లోనూ, మొదటి యుద్ధపు మావోరీల చరిత్రను 2019లోనూ తెచ్చాడు. కుటుంబాల దగ్గర కూర్చుని, వాళ్ల ఫొటోలతో, వాళ్లు చెప్పిన మాటలతో రాసిన పుస్తకాలవి. రాసినవాడు బయటివాడు కాదు. తప్పు రాస్తే వచ్చే పండక్కి ముఖం చూపించుకోవలసినవాడు.

తే వైనోహు కథను ఇక్కడితో ఆపేస్తే మంచి వీరగాథ అవుతుంది. ఆపడం న్యాయం కాదు.

గల్లిపోలి తర్వాత మావోరీ దళం దళంగా మిగల్లేదు. మిగిలినవాళ్లను తెల్ల బెటాలియన్లలో పంచేశారు, కొందరు మావోరీ అధికారులను అసమర్థులని ముద్ర వేసి ఇంటికి పంపారు. ఊళ్లలో గొడవయింది. మా పిల్లల్ని విడగొడితే ఇక మనుషుల్ని పంపేది లేదని పెద్దలు తెగేసి చెప్పారు. 1916లో పయనీర్ బెటాలియన్ అనే పేరుతో మళ్లీ ఒక చోట చేర్చారు. పయనీర్ అంటే రోడ్లు, కందకాలు, రైలు పట్టాలు వేసే దళం. ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో వాళ్లు తవ్విన 'టర్క్ లేన్' అనే కందకం పొడవు 8 కిలోమీటర్లు. యుద్ధం ముగిసేసరికి ఈ బెటాలియన్లో పనిచేసినవాళ్లు 2,227 మంది మావోరీలు, 458 మంది పసిఫిక్ దీవులవాళ్లు. వాళ్లలో 336 మంది చనిపోయారు, 734 మంది గాయపడ్డారు.

అసలు ప్రశ్న వైకాతో అనే నది దగ్గర ఉంది. ఆ నది పరివాహకంలో బతికే మావోరీల నేల మీదికి 1863లో ప్రభుత్వ సైన్యం దండెత్తింది. తర్వాత పది లక్షల ఎకరాలకు పైగా జప్తు చేసింది. యాభై ఏళ్లు దాటాక అదే ప్రభుత్వం వచ్చి 'రాజు కోసం పోరాడటానికి రండి' అంది. వైకాతో వాళ్లు రాము అన్నారు. మాకు మా రాజు ఉన్నాడు, ముందు మా భూమి ఇవ్వండి అన్నారు. వాళ్ల రాచ కుటుంబానికి చెందిన తే పూయా హేరంగి అనే ఆవిడ ముందు నిలబడి, యుద్ధానికి పోనన్న కుర్రాళ్లకు తన ఊళ్లో ఆశ్రయమిచ్చింది. 1917లో నిర్బంధ సైనిక చట్టాన్ని మావోరీలకు వర్తింపజేశారు. మావోరీల్లో ఒక్క వైకాతో, మనియపోతో జిల్లాకే. 1918 జూలైలో పోలీసులు వచ్చి, సభా గృహంలో కూర్చున్న కుర్రాళ్లను ఒక్కొక్కరినీ మోసుకుపోయారు. పట్టుకుపోయినవాళ్లలో రాజుగారి తమ్ముడు, పదహారేళ్లవాడు కూడా ఉన్నాడు. 552 మందికి పిలుపు వెళితే శిబిరానికి చేరింది 74 మంది. ఒక్కణ్ని కూడా సముద్రం దాటించలేకపోయారు.

ఒకే జాతి, ఒకే యుద్ధం. ఒక తెగ పాదిరి తన కుర్రాళ్లతో తాతల పేరు నిలబెట్టండి అన్నాడు. ఇంకో తెగ నాయకురాలు తన కుర్రాళ్లతో తాతల పేరు కోసమే వెళ్లకండి అంది. మా బృందంలో దీని మీద చాలా వాదన జరిగింది. మాలో కొందరు తే పూయా వైపు, ఇద్దరు ముగ్గురు పాదిరి వైపు. సమాన పౌరులుగా గుర్తింపు కావాలంటే రక్తంతో వెల కట్టక తప్పదని న్గాతా లాంటివాళ్లు నమ్మారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో ఆయన రాసిన చిన్న పుస్తకం పేరే 'పౌరసత్వానికి వెల'. ఆ వెల ఇచ్చాక సరుకు పూర్తిగా చేతికి వచ్చిందా అనేది వేరే సంగతి. మా వరకు మేము ఒక నిర్ణయానికి వచ్చాం. తాతను వెతికేవాడు తీర్పు చెప్పడానికి ముందు, తాత ముందు ఉన్న దారులు ఎన్నో లెక్కపెట్టాలి. తే వైనోహు 1920లో, నలభై ఏళ్లయినా నిండకుండా చనిపోయాడు. తాను మాట ఇచ్చి తీసుకెళ్లిన కుర్రాళ్లలో ఎంతమందిని తన చేతులతో మట్టిలో పెట్టాడో ఆయనకే తెలియాలి. అలాంటి మనిషిని తెల్లవాడి తొత్తు అని ఒక్క మాటలో తీసిపారేయడం మాకు నచ్చలేదు. అలాగని వైకాతో జైళ్లను దాచిపెట్టి ఆయన కథ చెప్పడమూ నచ్చలేదు.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి సంగతి అనుకోవద్దు. 1917లో బ్రిటిష్ ప్రభుత్వం ఫ్రాన్సులో కూలిపనికి భారతదేశం నుంచి 50 వేల మందిని అడిగింది. అప్పుడు ఎక్కువగా గాలించింది ఆదివాసీ కొండల్నే. రాంచీ నుంచి ఉరావ్, ముండాలు, సంతాలులు వెళ్లారు. అస్సాం కొండల నుంచి నాగాలు, మిజోలు, ఖాసీలు, గారోలు వెళ్లారు. వీళ్లతో పాటు మిషనరీలూ బయలుదేరారు. మణిపూర్ దళంతో వెళ్లిన విలియం పెట్టిగ్రూ అంతకు ముందు ఏళ్ల తరబడి ఉఖ్రుల్ కొండల్లో తంఖుల్ నాగాల మధ్య పనిచేసినవాడు. రామన్నవాళ్లు ఇక్కడా ఉన్నారు. మయూర్‌భంజ్‌లో సంతాలులు 1917లో కూలీల భర్తీ మీద తిరగబడ్డారు. మణిపూర్ కొండల్లో కుకీలు 1917 నుంచి 1919 దాకా ప్రభుత్వంతో పోరాడారు. వెళ్లి తిరిగొచ్చిన నాగాలు మాత్రం ప్రపంచం చూసి వచ్చారు. 1918లో నాగా క్లబ్ ఏర్పడింది. 1929లో సైమన్ కమిషన్ ముందు తమ కోరిక రాసి పెట్టినది ఆ క్లబ్బే. కూలీగా పంపితే రాజకీయం నేర్చుకుని వచ్చారన్నమాట!

తిరిగిరానివాళ్ల సంగతి. ఫ్రాన్సులో ఆయెట్ అనే ఊళ్లో భారతీయులకూ చైనావాళ్లకూ కలిపి ఒక శ్మశానం ఉంది. మార్సెయ్ దగ్గర మజార్గ్‌లో ఇంకొకటి. అక్కడ రాళ్ల మీద పేర్లున్నాయి. ఇరాక్‌లో బస్రా స్మారకం దగ్గర మాత్రం బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిల్లో చాలామందికి పేర్లు లేకుండా వాళ్ల దళం పేరూ అంకెలూ వేశారు. సమాధులను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ స్వయంగా 2021లో తన తప్పు ఒప్పుకుంది. కనీసం 1,16,000 మంది పేర్లు ఎక్కడా చెక్కలేదనీ, ఆ లెక్క 3,50,000 దాకా ఉండవచ్చనీ ఆ నివేదికలో రాసింది. ఎక్కువమంది ఆఫ్రికావాళ్లు. మన సవరలు చనిపోయినవాళ్లకు రాయి నిలబెడతారు, గదబలూ నిలబెడతారు. ఆ రాళ్ల మీదా అక్షరాలు ఉండవు. కానీ ఏ రాయి ఎవరిదో ఊళ్లో అడిగితే చెప్పేవాళ్లు ఉంటారు. బస్రాలో అడగడానికి ఎవరున్నారు?

ఆ కుర్రవాడికి మేము చెప్పింది ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాం. మొదట కంప్యూటర్ దగ్గర కూర్చోకండి. ఇంట్లో ముసలివాళ్ల దగ్గర కూర్చోండి, ఫోన్‌లో రికార్డు చేయండి, ఒక్కసారి కాదు రెండు మూడు సార్లు అడగండి. మొదటిసారి చెప్పేది కథ. పేర్లు రెండోసారి వస్తాయి. తర్వాత ఊరు అప్పట్లో ఏ జిల్లాలో ఉందో తేల్చుకోండి. ఇది చాలామంది మర్చిపోతారు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, కాబట్టి దాని పాత కాగితాలు మద్రాసు ప్రభుత్వానివి. అవి ఇప్పుడు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. 1936 దాకా కొరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాలోనిదే. ఆదిలాబాద్ వాళ్లయితే నిజాం కాలపు రికార్డుల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల 'అభిలేఖ్ పటల్' వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే చాలా ఫైళ్లు చూడవచ్చు. వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు పెట్టి వెతకవచ్చు. ఆ పేరును కనీసం ఆరు రకాల స్పెల్లింగులతో వెతకండి.

చర్చికి సంబంధించిన తాత అయితే ఇంకో దారి ఉంది. దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ 1860లో కోయల మధ్య పని మొదలుపెట్టింది. అక్కడ ఏళ్ల తరబడి ఉన్న జాన్ కెయిన్ అనే పాదిరి కోయల ఆచారాల గురించి పత్రికల్లో రాశాడు. ఆ సొసైటీ ఉత్తరాలు, నివేదికలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మన మీద రాసినవి మన దగ్గర లేకపోవడం బాధాకరమే. అయినా ఈమెయిలు పెడితే జవాబు ఇచ్చే కాలం ఇది. ఆ రాతల్లో మనల్ని చిన్నచూపు చూసే మాటలు తగులుతాయి. వాటిని చూసి పుస్తకం మూసేయకండి. ఆ మాటల మధ్యలోనే మన ఊరి పేరు, మన మనిషి పేరు దొరుకుతుంది. దొరికితే ఫొటో తీసి, తేదీ, ఫైలు నంబరు రాసుకుని మాకు పంపండి. నంబరు రాసుకోకపోతే మళ్లీ ఆ కాగితం ముఖం చూడలేరు. ఇది మేము అనుభవించి చెబుతున్నాం. ఒక కార్యాలయంలో రోజంతా కూర్చుని రాసుకున్న నోట్సు ఫైలు నంబరు లేక పనికిరాకుండా పోయింది.

ఆ విద్యార్థి ఈ మాటలన్నీ బుద్ధిగా రాసుకున్నాడు. వాళ్ల నాయనమ్మ తన చిన్నతాత పేరు మొదటిసారి అడిగినప్పుడే చెప్పింది. అది బైబిల్లో పేరు. ఆ పేరుతో మేము, అతనూ కలిసి అన్ని వెబ్‌సైట్లూ గాలించాం. ఒకే పేరు వందలమందికి ఉంది, ఎవరు మనవాడో తెలియలేదు. పోయిన నెలలో మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లాం. వాకిట్లో మంచం వేసుకుని కూర్చుని ఉంది. మనవడు ఫోన్ రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టి, "నాయనమ్మా, ఆ తాతను ఇంట్లో అందరూ ఆ పేరుతోనే పిలిచేవాళ్లా?" అని అడిగాడు.

ఆమె అతని వైపు వింతగా చూసింది. "ఆ పేరు దొర బెట్టింది గదరా. మా ఇంట్ల ఎన్నడు పిల్వలే. మా అవ్వ ఆయన్ని పిలిచే పేరు వేరే ఉండె" అంది. కాసేపు ఆగి, గొంతు తగ్గించి ఆ పేరు చెప్పింది. తర్వాత ఆయన గట్టు, వేల్పు, ఆయనకు పిల్లనివ్వవలసిన ఇంటి పేరు, అన్నీ వరుసగా చెప్పుకుంటూ పోయింది. ఆ రికార్డింగ్ నలభై నిమిషాలు ఉంది.